గత్తం వేసిన అక్వేరియం

కాలి కట్టు విప్పి నెలైనా మా ఆవిడ నూకరత్నం మంచం దిగలేదు. "డాక్టరుగారు నడవమన్నారు గదే" అంటే గోడవైపు తిరిగేది.

బతిమాలడం నాకు చేతకాదు. గెడ్డ వాగులో చేపలు పట్టిన మనిషి, ఆ నీళ్లు కనపడక బెంగ పెట్టుకుందేమో అనుకున్నాను. అరకు వెళ్లి గాజు తొట్టె, నాలుగు రకాల రంగు చేపలు, నీటిమొక్కలు తెచ్చాను. కొట్టువాడు చెప్పినదానికల్లా తలూపాను. ఒక్కటీ అర్థం కాలేదు.

మంచానికి ఎదురుగా తొట్టె పెట్టి, ఇసుక పోసి, మొక్కలు నాటాను. కాఫీ మొక్కలు వేసిన చెయ్యి కదా, ఒక్కో మొక్క మొదట్లో గుప్పెడు గత్తం, అదే పేడ ఎరువు, కూడా పెట్టాను. నీళ్లు పోసి చేపల్ని వదిలాను.

నీళ్లు డికాక్షన్ రంగుకి తిరిగాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరిచాయి.

"ఏటేసినావు అందులో?" అంది మంచం మీంచి.

"గత్తం."

"ఓలమ్మో! సేపలకి గత్తమేటి? సచ్చిపోతన్నాయి, బేగి తియ్యి!"

నా చేతికి ఒక్కటీ చిక్కలేదు.

"తప్పుకో! నీ మొకానికి సేపలు కూడానా!"

నన్ను పక్కకి నెట్టి, దోసిళ్లతో చేపలన్నిటినీ మంచినీళ్ల బిందెలోకి తీసింది.

అప్పుడు చూశాను. డాక్టరుగారు ఇచ్చిన చేతికర్ర మంచం దగ్గరే ఉంది. నూకరత్నం తొట్టె దగ్గర నిలబడి ఉంది.

తొట్టె ఎలాగూ ఖాళీ చేశాం. రేపు దాన్ని వాకిట్లో పెడతాను. నూకరత్నం అక్కడిదాకా నడిచి రావాలంటే ఏం తప్పు చెయ్యాలా అని ఆలోచిస్తున్నాను. ఇన్నాళ్లూ తప్పులు వాటంతట అవే వచ్చేవి. కావాలని చెయ్యడం కష్టంగా ఉంది.