రొట్టె ఆగిన చోటు

"మళ్ళీ వచ్చింది మేస్త్రీ," అన్నాడు లియాండర్.

అసాహెల్ తలెత్తి చూడలేదు. రొట్టె వాసన ముందే వచ్చింది.

నల్ల శాలువా కప్పుకున్న ముసలావిడ సరస్సు ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుంది. గుండ్రటి రొట్టె నడుమ కొవ్వొత్తి గుచ్చి, వెలిగించి, నీళ్ళలోకి వదిలింది.

పక్కనే తారు పీపాలు. నిప్పు పెట్టడానికి ఈ మహాతల్లికి వెర్మాంట్ మొత్తంలో ఇంకో చోటే దొరకలేదు కాబోలు!

అసాహెల్‌కి ఒళ్ళు మండిపోయింది.

ఆ సరస్సుకి అడుగు అందదు. స్తంభాలు నిలవవు. అందుకే దుంగలతో తెప్పలు కట్టి, వాటిని గొలుసులతో కలిపి తేలే వంతెన వేస్తున్నారు. నీళ్ళు గడ్డకట్టేలోపు అవతలి ఒడ్డు చేరాలి. లేకపోతే ఈ చలికాలం కూడా పిల్లలు గడ్డకట్టిన నీళ్ళ మీదుగానే నడిచి బడికి పోవాలి.

పోయిన ఏడు ఆ మంచే విరిగింది. అసాహెల్ కూతురు ఫీబీ నీళ్ళలో పడింది. ఒనెజీమ్ అని, ఎక్కడో ఉత్తరాన్నుంచి పాలేరు పనికి వచ్చినవాడు, వెంటనే దూకి పిల్లని పైకి తోశాడు.

వాడు మాత్రం పైకి రాలేదు.

వంతెనకి వాడి పేరే పెట్టాలని ఊరి సభలో పట్టుబట్టింది అసాహెలే. పేరు పలక కూడా తనే చెక్కి సిద్ధంగా ఉంచాడు.

అలాంటి పనికి ఇదెక్కడి పీడ!

పేరడిగితే పలకదు. ఊరడిగితే పలకదు. పెదాలు కదుపుతుంది, అంతే.

పోనీలే అని వదిలేద్దామంటే, ఆ రొట్టె అవతలికి కొట్టుకుపోదు. ఎటు వదిలినా తిరిగి తిరిగి నాలుగో తెప్ప దగ్గరికే వచ్చి ఆగుతుంది. లియాండర్ గడకర్రతో దూరంగా నెడతాడు. మర్నాడు ఆవిడ ఇంకో రొట్టెతో హాజరు. నాలుగో తెప్పకి ఆకలెక్కువని కూలీలు వేళాకోళం చేస్తుంటే అసాహెల్ పళ్ళు నూరుకునేవాడు.

ఆ రోజు కొవ్వొత్తి మంట తెప్ప అంచున తారుకి అంటుకుంది. అందరూ బకెట్లు పట్టుకుని పరుగులు. ఆర్పేసరికి తెప్ప సగం మసి.

అసాహెల్ ఇక ఆగలేకపోయాడు. ముసలావిడ రెక్క పట్టుకుని లేపాడు.

"నీకో దణ్ణం తల్లీ. ఇది ఒక మంచివాడి పేరు మీద కడుతున్న వంతెన. నీ ఆటలకి ఇంకెక్కడైనా చూసుకో."

ఆవిడకి ఒక్క ముక్కా అర్థం కాలేదు. రెండు చేతులూ నీళ్ళ వైపు చాచింది. రొట్టె ఇమ్మంటోంది కాబోలని లియాండర్ ఆ తడిసిన రొట్టెని కొవ్వొత్తితో సహా తీసి ఆవిడ ఒళ్ళో పడేశాడు. ఆవిడ దాన్ని మళ్ళీ నీళ్ళలోకే విసిరింది.

ఉత్తరానికి పోయే సరుకుల బండి ఆపి, ఆవిడని ఎక్కించి పంపేశాడు అసాహెల్. పీడ విరగడైందనుకున్నాడు.

మర్నాడు ఉత్తరాన ఉన్న క్విబెక్ నుంచి ఆఖరి దుంగల బండి తోలుకుంటూ నర్సీస్ వచ్చాడు. ఈ వైపు రావడం అతనికి అదే మొదటిసారి. దుంగలు దించుతూ నాలుగో తెప్ప దగ్గర ఆగిపోయాడు. టోపీ తీసి గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు.

సగం నానిన రొట్టె, ఆరిపోయిన కొవ్వొత్తితో, తెప్పని ఆనుకుని ఉంది.

"ఇక్కడ మునిగిందెవరయ్యా?" అన్నాడు.

అసాహెల్ చిరాకుపడ్డాడు. ఎవరో మతిలేని ముసలిదాని నిర్వాకమని, దానివల్ల ఒక తెప్ప కాలిందని చెప్పాడు.

"మతిలేక కాదయ్యా. శవం దొరక్కపోతే మావైపు ఇలాగే చేస్తాం. రొట్టె ఎక్కడ ఆగితే మనిషి అక్కడున్నట్టు. దొరికేదాకా వదిలినవాళ్ళు నోరు విప్పకూడదు."

"ఎవరు వదులుతారు?"

"ఎవరు పడితే వాళ్ళు వదలరు. కన్నతల్లే కాల్చి తేవాలి."

లియాండర్ గడకర్ర కింద పెట్టేశాడు.

ఆ సరస్సు మింగి తిరిగివ్వనిది ఒక్కణ్ణే.

నిన్న అసాహెల్ రెక్క పట్టి బండెక్కించింది, తన ఫీబీని పైకి తోసినవాడి అమ్మని.