నెవెనా బామ్మ చూసిన చందమామ

"ఆ పెద్దదే ఇవ్వు. అయిదొందల రెట్లు పెద్దగా చూపిస్తుందని డబ్బా మీదే ఉందిగా!" అంది నెవెనా బామ్మ.

"అన్ని రెట్లలో అంతా మసకే బామ్మగారూ. పైగా దాని స్టాండు కాళ్లు వణుకుతాయి. పాపకి ఈ పొట్టి టెలిస్కోపే మంచిది," అన్నాడు ప్లోవ్‌డివ్ ఊళ్లోని దుకాణదారు అసెన్.

"ఈ బుడ్డదా? రెండ్రోజుల్లో మంచం కిందకి పోతుంది. పదవే రాడా, బూట్లు కొంటాను."

మనవరాలి కళ్లు నిండాయి.

అసెన్ పొట్టిదాన్ని గుమ్మం ముందు బల్ల మీద పెట్టి, సాయంత్రపు ఎండలో తేలుతున్న సగం చందమామకి గురిపెట్టాడు. "ఒక్కసారి చూసి తిట్టండి."

బామ్మ వంగింది. "అమ్మో! గుంటలు! కొండలు!" అని కెవ్వుమంది. వీధిలో జనం ఆగిపోయారు.

కన్ను తియ్యకుండానే, "అబ్బాయ్, ఇదే కట్టు," అంది.

రాడా గంతులేసింది. "బామ్మా, నా వంతు!"

"ఉండవే! నీకింకా బోలెడు బతుకుంది. నన్ను చూడనీ!"