పావు తిప్పు

"ఇరవై రోజుల్లో ఇరవై మిల్లీమీటర్లు జరగాలి ఈరన్నగారూ. ఒక్కటి కూడా జరగలేదు." డాక్టర్ ప్రహ్లాద్ నిన్న తీసిన ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు.

ట్యాంకర్ గుద్దిన నాడు ఈరన్న కొడుకు సాగర్‌కు మోకాలి కింద ఎముక ఎనిమిది సెంటీమీటర్ల మేర నుగ్గయింది. దాన్ని తీసేసి కాలి చుట్టూ ఇనుప రింగులు బిగించారు. పైనున్న మంచి ఎముకను కోసి, ఆ ముక్కను రోజుకో మిల్లీమీటరు కిందికి జరుపుతూ పోతే వెనకాల కొత్త ఎముక పుడుతుంది. జరపడమంటే, రింగుల మీది నాలుగు నట్లను రోజుకు నాలుగుసార్లు, పావు తిప్పు చొప్పున తిప్పడం.

"ఇంకో వారం ఇట్లనే ఉంటే కోసిన చోటే అతుక్కుపోతుంది. అప్పుడు కాలు నిలుస్తుందని నేను చెప్పలేను. ఇంట్లో నట్లు తిప్పేది ఎవరు?"

ఈరన్నకు ఒళ్ళు మండిపోయింది. "మా కోడలు," అన్నాడు పళ్ళు నూరుతూ.

అంత మంటలోనూ, లేచేటప్పుడు కుర్చీ చెయ్యి ఊగుతుంటే జేబులోంచి పానా తీసి బిగించాడు. నారాయణగూడలో ముప్ఫై ఏళ్ళుగా స్కూటర్లు బాగుచేస్తున్న చెయ్యి అది.

చిక్కడపల్లిలో ఇంటి గడప తొక్కుతూనే అరిచాడు.

"రాగిణీ! నా కొడుకు కాలు తీసేపిస్తవా?"

కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏమైంది మామా?"

"ఎముక కదలనే లేదంట! తిప్పుతున్నవా, టీవీ ముందట కూసుంటున్నవా?"

"పొద్దున ఆరు, పదకొండు, నాలుగు, రాత్రి తొమ్మిది. ఒక్కటి తప్పలె. ఇగో, క్యాలెండర్ల గీతలు చూడుండ్రి."

"గీతలకేంది! కూసున్న కాడ వంద గీస్తరు." టేబుల్ ఫ్యాన్ గడగడలాడుతుంటే, అరుస్తూనే దాని స్క్రూ బిగించాడు.

"అయితే మీరే తిప్పుండ్రి! నర్సు నేర్పుతనంటే బయటికెందుకు పోయిండ్రు?"

ఆ మాట సూటిగా తగిలింది. మొదటి తిప్పుకు సాగర్ పెట్టిన కేక విని ఆయన వరండాలోకి పారిపోయాడు. ఎటు తిప్పాలో ఇప్పటికీ చూడలేదు. రోజూ సాయంత్రం ఏడింటికి స్కూటర్ షెడ్డు నుంచి వచ్చి, కోడలు వంటలో ఉండగా రింగులు తుడుస్తాడు, అంతే.

"ఆమెననకు నాన," మంచం మీంచి సాగర్ అన్నాడు. "ఆమె తిప్పితే పానం పోతది. నువ్వు తుడిస్తేనే జర నొప్పి తగ్గుతది."

"పెండ్లాన్ని ఎనకేసుకరాకు!"

అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లో రోజంతా నిలబడి లెక్కలు చెప్పిన కొడుకు పక్కకు ఒత్తిగిలలేక పడి ఉన్నాడు. ఆ ఉసురు కోడలికి తగలాలనిపించింది ఈరన్నకు.

"నాలుగింటికి నా ముందట తిప్పు, చూస్త."

నాలుగింటికి రాగిణి మంచం పక్కన కూర్చుంది. సాగర్ ఎప్పటిలాగే మోచేయి కళ్ళకు అడ్డం పెట్టుకున్నాడు.

"నర్సు రింగు మీద గీసిన బాణం దిక్కే తిప్పుతున్న. చూడుండ్రి మామా."

కొడుకు మూలిగేసరికి ఈరన్న కిటికీ వైపు తిరిగిపోయాడు. నాలుగు మూలుగులు మాత్రం లెక్కపెట్టాడు.

"అయింది. చూసిండ్రా?" రాగిణి లేస్తూ అడిగింది.

ఏడింటికి దూదిని స్పిరిట్‌లో ముంచి ఆయన రింగుల దగ్గర కూర్చున్నాడు. కోపం దిగలేదు. సాగర్ మోచేయి మళ్ళీ కళ్ళ మీదికెళ్ళింది.

"ఇయ్యాల నేనున్ననని తిప్పినవ్. ఇరవై రోజులు ఏం వెలగబెట్టినవ్? రేపు మా చెల్లె మహేశ్వరిని పిలిపిస్త. ఆమె తిప్పుతది. నువ్వు మీ అమ్మగారింటికి పో!"

"నేనేం తప్పు జేసిన మామా?" రాగిణి ఏడ్చేసింది. "నా మొగని కాలు నాకు బరువైతదా?"

"నోరు ముయ్! ఒక నట్టు తిప్పచాతకాదు, మళ్ళ మాటలు!"

"అబ్బ, ఇప్పుడు జర హాయిగున్నది నాన," అన్నాడు సాగర్, కళ్ళు తెరవకుండానే.

రాగిణి ఏడుపు ఆగిపోయింది. ఆమె చూపు మామ చేతుల మీద పడింది.

దూది ఎడమచేతిలో ఉంది. కుడిచేతిలోని పానా నాలుగో నట్టును బాణానికి ఎదురుగా ఒక నిండు తిప్పు తిప్పి బిగిస్తోంది.