పొగాయన

సభలో చెయ్యెత్తిన మనిషిని చూసి ఛైర్మన్ మొహం చిట్లించాడు.

"ఎవరయ్యా మీరు? మా ఊరివాళ్ళలా లేరే."

"దర్జీ అమ్మాయిగారి మేడమీద గదిలో అద్దెకుంటున్నానండీ. మాది అవతల."

"ఏ అవతల? మాకు నాలుగు వైపులా అవతలే కదా."

హాలంతా గొల్లుమంది.

ఛైర్మన్ అన్నది నిజమే. ఆ చిన్న ఊరిని మహానగరం ఎప్పుడో చుట్టేసింది. ఏ వీధిన పడి నడిచినా కాసేపటికి నగరంలో తేలాల్సిందే. అయినా ఊరి టెక్కు ఊరిదే. సొంత మునిసిపాలిటీ, సొంత చెత్త లారీ, సొంత ఛైర్మన్. మునిసిపల్ ఆఫీసు వెనక షెడ్డులో సొంత ఫైరింజను కూడా ఉండేది. ఎక్కడ పొగ లేచినా, కేక వీధి దాటేలోపే అది గుమ్మం ముందుండేది. అలా ఎప్పుడూ పెద్ద ప్రమాదం జరగలేదు కనుక అదొక దండగ బండి అని ఊరు తేల్చేసింది.

ఇన్నాళ్ళూ నగరం పేరెత్తితే మూతి విరిచిన జనం, అందులో కలిస్తే రోజంతా కుళాయి నీళ్ళొస్తాయనగానే వెన్నలా కరిగిపోయారు. ఆ సాయంత్రం సభ అందుకే.

"కలవండి, కాదనను," అన్నాడు అవతలాయన. "ఫైర్ స్టేషన్ మాత్రం ఇక్కడే ఉంచాలని ముందే మాట తీసుకోండి."

"ఆ డొక్కు బండి కోసమా? నగరంలో అలాంటివి బోలెడు. ఒక్క ఫోన్ కొడితే నాలుగు వైపులనుంచీ వచ్చి పడతాయి."

"నాలుగు వైపులా ట్రాఫిక్ కూడా ఉందండీ."

"మీ అవతలంటే నగరమే కదా. మీ బండ్ల మీద మీకే నమ్మకం లేదా?"

"లేదండీ."

"సరే, ఇంక కూర్చోవయ్యా పెద్దమనిషీ," అన్నాడు ఛైర్మన్. మీరు కాస్తా నువ్వు అయిపోయింది.

మర్నాటినుంచి ఆయన ఇంటింటికీ తిరిగాడు. చెప్పిందే చెప్పాడు. జనం ఆయనకి పొగాయన అని పేరు పెట్టారు.

"పొగాయన వస్తున్నాడు, తలుపెయ్యండర్రా."

"తాతా, మా ఇంట్లో కాలుతున్నది మా ఆవిడ కడుపొక్కటే. ఆర్పుతావా?"

ఛైర్మన్ అక్కగారు, తమ్ముడి ఫర్నిచర్ కొట్టు పైన మేడలో ఒంటరిగా ఉండే మనిషి, మరో మెట్టు పైకెళ్ళింది. బాల్కనీ లోంచి బట్టలు జాడించిన బకెట్టెడు నీళ్ళు ఆయన నెత్తిన గుమ్మరించింది.

"ఇదిగో మా ఫైరింజను. సరిపోయిందా?"

ఎదురు కొట్లవాళ్ళు పొట్ట పట్టుకుని నవ్వారు.

ఆయన మొహం తుడుచుకున్నాడు. "మీరు కిందికి రావడానికి ఈ చెక్కమెట్లొక్కటేనా అమ్మా దారి?" అని అడిగాడు.

"నా దారి నీకెందుకు? నీ దారి చూసుకో."

వారం తిరక్కుండానే దర్జీ అమ్మాయి మేడెక్కింది.

"బాబాయిగారూ, ఏమీ అనుకోకండి. అక్కగారు నాకు కుట్టుపని ఇవ్వడం మానేశారు. మీ వల్లేనట. గది ఖాళీ చెయ్యాలి."

"మంచిదమ్మా. నీ పొట్ట కొట్టను." ఆయన సంచి సర్దుకున్నాడు. "ఇస్త్రీపెట్టె ఆపాకే పడుకో."

వెళ్ళేటప్పుడు కూడా ఈ గోలేనా అనుకుని ఆమె పెదవి విరిచింది.

ఊరు నగరంలో కలిసింది. ఛైర్మన్ శాలువా కప్పించుకుని ఫొటో దిగాడు. ఫైరింజను వెళ్ళిపోయింది. ఖాళీ షెడ్డు వార్డు ఆఫీసరు కారుకి నీడైంది. కుళాయిలో నీళ్ళు మాత్రం ఎప్పటిలాగే వచ్చినప్పుడు వచ్చేవి.

ఎండాకాలం ఒక మిట్టమధ్యాహ్నం, ఫర్నిచర్ కొట్లో వార్నిష్ డబ్బాలు అంటుకున్నాయి.

పై మేడలో అక్కగారు నిద్రపోతోంది.

ఫోన్ వెళ్ళింది. బండీ వెంటనే బయల్దేరింది. వీధి జనం బిందెలతో, బకెట్లతో పరిగెత్తారు. మెట్లు అప్పటికే మంటల్లో ఉన్నాయి. ఛైర్మన్ అందులోకి దూకబోతే నలుగురు పట్టి వెనక్కి లాగారు. "అక్కా, అక్కా" అని అతను అరుస్తూనే ఉన్నాడు. కాసేపు పైనుంచి జవాబొచ్చింది. తరవాత రాలేదు.

బండి వచ్చేసరికి గోడలే మిగిలాయి.

ఛైర్మన్ డ్రైవరు కాలరు పట్టుకున్నాడు. "ఇప్పుడా రావడం?"

"సిగ్నళ్ళ దగ్గర ఇరుక్కుపోయామండీ. సైరన్ మోగిస్తూనే ఉన్నాం. కదలడానికి ముందువాళ్ళకీ చోటు లేదు."

ఛైర్మన్ చెయ్యి దానంతటదే జారిపోయింది.

"ఆయన చెప్పాడు," అంది దర్జీ అమ్మాయి ఏడుస్తూ. "చెవిన ఇల్లు కట్టుకుని చెప్పాడు."

డ్రైవరు తలెత్తాడు. "ఎవరమ్మా?"

"ఎవరో అవతలాయన. మెల్లగా మాట్లాడేవాడు. ఫైర్ స్టేషన్ వదులుకోకండని గడపగడపకీ తిరిగాడు. మేమే తరిమేశాం."

"మీ దగ్గరికీ వచ్చారా సారు."

"సారేమిటి? నీకు తెలుసా ఆయన?" అన్నాడు ఛైర్మన్.

"తెలియకేం. మా పైఅధికారి. ఉద్యోగం వదిలేశారు. నగరంలో కలుస్తారని తెలిసిన ప్రతి ఊళ్ళోనూ ఇలాగే గది తీసుకుంటారు. ఎక్కడా నిలవనివ్వరు."

"మా ఊళ్ళు ఏమైతే ఆయనకేం? ఆయనకెందుకింత తాపత్రయం?"

డ్రైవరు తడి గొట్టాన్ని చుట్టడం మొదలుపెట్టాడు.

"ఉత్తరాన మీలాంటి ఊరే ఒకటి మాలో కలిసిందండీ. దండగని అక్కడి స్టేషన్ మూయించింది సారే. ఆ ఏడాది మేం చేరేలోపు కాలిపోయిన ఇంట్లో ఉన్నది ఆయన కూతురు."