తాడుకు ఆ చివర

మగ్గాల వరస చివర నుంచి బాపు పెదవులు కదిపాడు. "తిన్నవా?"

గుమ్మం దగ్గర నుంచి నేనూ పెదవులతోనే చెప్పాను. "తిన్న. నడువ్, లేటయితది."

మా మధ్య పవర్‌లూమ్‌లు దడదడలాడుతున్నాయి. సూరత్ పక్కన సచిన్‌లో బాపు పనిచేసే ఈ ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, ఎవరూ అరవరు. అరిచినా వినపడదు. మూతి చూసి మాట పట్టుకోవడం నాకు నడకతో పాటే వచ్చింది.

ఆ రోజు నా మెడికల్ పరీక్ష. బాపు సగం పూట సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు.

పైలట్ లైసెన్స్ వచ్చాక ఉద్యోగం దొరకలేదు. ఖాతాలోనే నేసిన బట్టలో లోపాలు చూసే పనికి కూర్చున్నాను. ఇన్నాళ్లకు ఒక ఫ్లయింగ్ క్లబ్బు పిలిచింది.

గ్లైడర్‌కు ఇంజను ఉండదు. దాన్ని నా విమానానికి తాడుతో కట్టి పైకి లాక్కెళ్లి వదిలిపెట్టాలి. ఆ లాగడం నేర్చుకున్నాను. పరీక్షా అయింది. మెడికల్ సర్టిఫికెట్ గడువు మాత్రం తీరిపోయింది. అది మళ్లీ చేతికొస్తే ఆదివారం నుంచే పని.

బస్సులో బాపు అడిగాడు. "పైన ఏమన్న అయితే ఎట్ల మరి?"

"ఎనక గ్లైడర్ల ఉన్నాయన రేడియోల చెప్తడు బాపూ. నేను తాడు వదిలేస్త."

"ఆయన మూతి కనవడ్తదా నీకు?"

నాకు నవ్వొచ్చింది. "అంత దూరంల మూతి ఏం కనవడ్తది? అద్దంల గ్లైడరే ఇంత కనవడ్తది."

బాపు నవ్వలేదు.

శిక్షణలో నా వెనక గ్లైడర్ నడిపింది ఓంప్రకాష్ గారు. ఆఖరి రోజు కిందికి దిగాక అన్నారు. "మూడుసార్లు పిలిచాను మేడమ్. నా మీద అలిగారా ఏంటి?"

రేడియో పాతది కదా అనుకున్నాం, ఇద్దరం.

డాక్టరు పెద్దాయన. కళ్లు చూశారు. బీపీ చూశారు. గుండె చూశారు. అన్నీ బాగున్నాయన్నారు.

బాపు ఉండబట్టలేక, వచ్చీరాని హిందీలో గట్టిగా చెప్పాడు. "మా ఇంట్ల డిగ్రీ చదివిన ఫస్టు బిడ్డ సాబ్, మా తేజశ్రీ!"

"మెల్లగా కాకా. నా చెవులు బాగానే ఉన్నాయి" అని డాక్టరు నవ్వారు. తర్వాత నావైపు చూశారు. "ఇక నీ చెవులు, బేటా. అటు గోడవైపు తిరుగు. నేను మామూలు గొంతుతో అంకెలు చెబుతా. విని, అవే తిరిగి చెప్పు."

తిరిగాను.

గోడవార కుర్చీలో బాపు. నాకు ఎదురుగా, డాక్టరుకు ఎదురుగా.

నిలబడ్డాను. వెనక ఏ గొంతూ లేదు.

మొదలుపెట్టండి సార్, అనబోయాను. బాపు ముఖం చూసి ఆగిపోయాను.

డాక్టరు ఎప్పుడో మొదలుపెట్టేశారు.

నా భుజం చాటున బాపు పెదవులు చప్పుడు లేకుండా కదిలాయి. పన్నెండు.

"బారా" అన్నాను.

బాపు చూపు నా భుజం మీదుగా డాక్టరు మూతి మీదికి పోయింది. మళ్లీ నా దగ్గరికి వచ్చింది. ఏడు.

"సాత్."

బాపుకు చెవులు పోయి చాలా ఏళ్లయింది. ఆ సంగతి మా గల్లీలో అందరికీ తెలుసు. నా సంగతి ఎవరికీ తెలియదు. నాకు కూడా.

నలభై.

"చాలీస్."

బాపు చొక్కా మెడ దగ్గర చెమటకు తడిసింది. అయినా నవ్వుతున్నాడు. మగ్గం మీద తెగిన పోగును నేను మొదటిసారి ముడేసిన రోజు ఇలాగే నవ్వాడు.

మూడుసార్లు పిలిచాను మేడమ్.

బాపు చూపు డాక్టరు మీదికి పోయి, తిరిగి వచ్చింది. పెదవులు విడివడుతున్నాయి.

నేను కళ్లు మూసుకున్నాను.