పరగడుపున 418

మీటరు 418 చూపించింది.

పార్వతి దాన్ని తండ్రి మొహం ముందు పెట్టింది. "ఏం తిన్నవు నాయినా?"

"ఏం తినలే," అన్నాడు ముయా. మంచం మీద కూర్చుని, కుడిచేతి వేలి మీది రక్తం లుంగీకి తుడుచుకున్నాడు.

"మొన్నటిదాక నూట ముప్పై, నూట నలబై ఉండె. ఈ నాలుగు పొద్దులల్ల మూడొందలు దాటింది. ఇయ్యాల ఇది. తినకుండ ఎట్ల పెరుగుతది?"

"మిషన్‌ని అడుగు."

ముయా గుండెకు ఆపరేషన్ జరిగి ఇరవై ఆరు రోజులైంది. ఛాతీ మీద కుట్టు జానెడు పొడవుంది. షుగరు పెరిగితే ఎముక అతకదని, కుట్టు చీము పడుతుందని, చీము లోపలికి దిగితే మనిషి మిగలడని ఆసుపత్రిలో పార్వతికి చెప్పారు. పొద్దున్నే వేలు పొడిచి చూడటం, సూది వెయ్యడం నేర్పారు. ఎంత మందు వెయ్యాలో పర్చీ మీద రాసిచ్చారు. రెండొందలు దాటితే నాలుగు యూనిట్లు, మూడొందలు దాటితే ఎనిమిది, నాలుగొందలు దాటితే పన్నెండు. వేలు తుడవడానికి స్పిరిట్ దూది కూడా ఇచ్చారు. అది అయిపోయి వారమైంది.

"అమ్మా, నువ్వేమన్న పెట్టినవా?"

పొయ్యి దగ్గరున్న గంగే వెనక్కి తిరగలేదు. "పెట్టనీకి ఇంట్ల ఏముంది? బెల్లం, చక్కెర పెద్దమ్మకు ఇచ్చినవు. మన ఇప్పచెట్టు కింది పువ్వు గూడ ఈ ఏడు ఏరొద్దంటివి. తీపి అన్నది గడప దాటొద్దంటివి. చీమలు గూడ వస్తలేవు మనింటికి."

పార్వతి సిరంజిలోకి పన్నెండు గీతల దాకా మందు లాగింది. అంత ఎప్పుడూ వెయ్యలేదు. నిన్న ఎనిమిది వేస్తేనే తండ్రి పగలంతా లేవలేదు. పర్చీ మళ్ళీ చదివింది. పొట్ట మీది చర్మం పట్టుకుని సూది దించింది.

"జావ సగమే పొయ్యి," అంది తల్లితో.

గంట గడిచింది. ముయాకు చెమట పట్టింది. బనీను వీపుకు అతుక్కుంది. చేతులు వణికాయి.

"గుండెనా నాయినా?"

అతను ఏదో అన్నాడు. మాట తడబడింది.

గంగే వచ్చి చూసింది. "ఇది ఆకలి వణుకు. రెండు పూటలు తినకుండ అడవిల తిరిగినోడు ఇట్లనే వణుకుతడు."

"నాలుగొందలున్నోళ్ళకు ఆకలేంది?" పార్వతి తండ్రి కుడిచేతి వేలు మళ్ళీ పొడిచింది. 409. "చూడు. తగ్గనే లేదు."

ఎవరినైనా అడగాలంటే ఫోను పట్టుకుని సిగ్నలు కోసం పోలీసు క్యాంపు టవరు దాకా రెండు కిలోమీటర్లు నడవాలి. ఆమె సిరంజిలోకి మళ్ళీ పన్నెండు గీతలు లాగింది.

గంగే కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆగు. ఇంకొక్కసారి చూడు."

"మిషన్‌ల పెట్టే పట్టీలు రెండే ఉన్నయి."

"మీ నాయిన ఒక్కడే ఉన్నడు."

గంగే తడిగుడ్డతో భర్త మొహం తుడిచింది. ఎడమచెయ్యి మోచేతి నుంచి వేళ్ళ దాకా తుడిచి కూతురి ముందు పెట్టింది. పార్వతి ఆ వేలు పొడిచింది.

41.

ఒకే మనిషి. కుడిచేతిలో 409, ఎడమచేతిలో 41. మొదటిది నిజమైతే ఇంకో సూది వెయ్యాలి. రెండోది నిజమైతే ఆ సూదితో మనిషి పోతాడు. పార్వతి సిరంజి వైపు చూసింది, తండ్రి వైపు చూసింది. అతని కళ్ళు పైకి పోతున్నాయి.

ఆమె సిరంజి కింద పెట్టింది. "అమ్మా, తీపి. ఏదన్న తీపి తే."

గంగే డబ్బాలన్నీ తీసింది. ఉప్పు, కారం, చింతపండు. వాకిట్లోకి పరుగెత్తి, బెల్లం తీసుకున్న తోడికోడలిని పిలిచింది. ఎవరూ పలకలేదు. ఇప్పపువ్వు ఏరే రోజుల్లో పొద్దున పూట గొల్లపల్లిలో ఏ ఇంట్లోనూ మనిషి ఉండడు.

ముయా పెదవులు కదిలాయి. పార్వతి చెవి ఆనించింది.

"గుమ్మి... ఎనక."

వడ్ల గుమ్మి వెనక గంప ఉంది. మీద టేకాకులు కప్పి ఉన్నాయి. ఆకులు తీస్తే ఇప్పపువ్వు. ఆ పొద్దున ఏరిందే. ఊరంతా అదే వాసన కాబట్టి ఇంట్లో ఉన్నా ఇద్దరికీ తెలియలేదు.

పార్వతి పిడికిట్లో పువ్వు తీసుకుని తండ్రి నాలుక మీద పిండింది. రసం పెదవి పక్కనుంచి కారింది. ఇంకో పిడికెడు పిండింది. నాలుగో పిడికిటికి అతను మింగాడు. సగం గంప అయ్యేసరికి చేతులు వణకడం ఆగింది.

"నీళ్ళు," అన్నాడు.

గంగే నీళ్ళు తాగించి, అప్పుడు అడిగింది. "ఎన్నాళ్ళ నుంచి పోతున్నవు చెట్టు కిందికి?"

"నాలుగు పొద్దులు. బిడ్డ బోరింగుకు, నువ్వు కట్టెలకు పోంగనే పోయిన. మన పువ్వు పందులు తింటుంటే చూడలేకపోయిన."

"పందులు తింటే చూడలేక నువ్వు తిన్నవు."

"కుడిచేత్తో ఏరుడే ఏరిన. ఒక్కటి నోట్ల పెట్టలే. చెట్టు మీదొట్టు."

పార్వతి ఆ ఒట్టు నమ్మలేదు. మీటరునూ నమ్మలేదు. ఒక పట్టీ మిగిలింది. షుగరు లేని మనిషిని చూస్తే మిషన్ సంగతి తేలుతుందనుకుంది. పువ్వు పిండిన చేతిని చూసుకుంది. వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుంటున్నాయి. వాటిని కడగకుండానే ఒక వేలు పొడుచుకుంది.

మీటరు 431 చూపించింది.