మళ్లీ మొలిచేవి

కూతురు చెంచమ్మతో ఆళ్లగడ్డ బస్సు దిగివచ్చిన ఓబులేసు, నంద్యాల వైద్యుడు రంగనాథం బల్లపై నెత్తుటి తుండుగుడ్డ ముడి విప్పాడు. రెండు ముందుపళ్లు దొర్లాయి.

“పొరుగింటి పుల్లవ్వవి. అది తలకు నూనె రాసినప్పట్నుంచే నా బిడ్డకు జుట్టు రాలతాండాది. మంత్రం పలకనీకుండా పళ్లు రాలగొట్టి, గుంజకు కట్టేసినాం. ఇది రోగం కాదని ఒక్క మాట చెప్పు సార్. అహోబిలం సామి మీదొట్టు, పోయి నరికేస్తా.”

ఏడేళ్ల చెంచమ్మ శిరస్సుపై రూపాయంత బోడిమచ్చలున్నాయి. రంగనాథం ఒక విరిగిన వెంట్రుకను గాజుపలకపై ఉంచి, సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు.

“ఇంట్లో దూడ ఉందా?”

“ఉండాది. పాప దాని మెడ మీదే పండుకుంటాది. దానికీ బొచ్చు ఊడతాంటే, అదీ ఆ ముసిల్దాని పనే అనుకుంటిమి.”

“ఇట్లా వచ్చి చూడప్పా.”

ఓబులేసు వంగి చూశాడు. వెంట్రుకను ఆవగింజల వంటి గుండ్రని బీజాలు చుట్టుముట్టి ఉన్నాయి.

“ఇది తామర. దూడ నుంచి సోకింది. మందు వాడితే జుట్టు మళ్లీ మొలుస్తుంది.”

ఓబులేసు కన్ను ఆ గాజు మీద నుంచి పైకి లేవలేదు.

పాలపళ్లూడిన చెంచమ్మ, బల్లపైని పళ్లను మెల్లగా దగ్గరకు చేర్చింది.

“నాయనా, అవ్వకు గూడా పళ్లు మళ్లీ మొలుస్తాయా?”